బొటనవేలికి పరుగు పందెం ఎందుకు?

మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీలను గుంటూరులో మీరు చూసే ఉంటారు. బొటనవేలితో ఒక్క తుంపు. పొద్దుటినుంచి సాయంత్రందాకా అదే. మణికట్టు నొప్పితో వాళ్ళు నా దగ్గరకు రావడం కొత్తకాదు. ఈమధ్య వీడియో ఆటలాడే కుర్రాళ్ళూ సరిగ్గా అక్కడే నొప్పి అంటున్నారు!

1983లో జపాను కంపెనీ కొనామి 'ట్రాక్ అండ్ ఫీల్డ్' ఆట తెచ్చింది. మీటలు ఎంత గబగబా టకటకలాడిస్తే తెరమీది ఆటగాడు అంత వేగంగా పరుగెత్తుతాడు. సరదాయే, కాదనను. కాని అలసట తప్ప అందులో నేర్పేముంది? బంతి రాకను కనిపెట్టి ఒక్కసారే మీట నొక్కే క్రికెట్టు ఆట నయం.

బొటనవేలిని లాగే స్నాయువులు, అంటే తాళ్ళవంటివి, మణికట్టు వద్ద ఇరుకైన ఒరలోంచి పోతాయి. తెరిపిలేకుండా ఒకే కదలికైతే ఒర మందమై వాటిని బిగబట్టవచ్చు. 1895లో స్విస్ శస్త్రవైద్యుడు డి కెర్వాన్ ఈ బాధను వర్ణించాడు. బొటనవేలిని పిడికిట్లో మూసి, చేతిని చిటికెనవేలివైపు మెల్లగా వంచండి. మణికట్టుకు బొటనవేలి పక్క చురుక్కుమంటే అనుమానించవలసిందే.

అప్పుడు ఆ పనికి విరామమిచ్చి, వేలు కదలకుండా పట్టీ వేసుకోండి. తగ్గకుంటే డాక్టరుకు చూపండి. ఆటలో టకటకలకు బదులు మీట నొక్కిపట్టే ఏర్పాటుందేమో చూడండి. పగలంతా తొడిమలు తీసిన చేతికి మాత్రం రాత్రి ఫోనులో ఈ ఆట వద్దు.