ఎర్రగడ్డ తప్పు మాట కాదు



మీ ఇంట్లో కూరలోకి తరిగేది ఎర్రగడ్డా, ఉల్లిపాయా, ఉల్లిగడ్డా? క్లాసులో ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పిల్లలు మూడు జట్లుగా విడిపోతారు. ప్రొద్దుటూరు పిల్లలు ఎర్రగడ్డ అంటారు. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ల పిల్లలు ఉల్లిపాయ అంటారు. హైదరాబాదులో రెండేళ్లు చదివొచ్చిన అబ్బాయి ఉల్లిగడ్డ అంటాడు. పైగా "ఎర్రగడ్డ అంటే మెట్రో స్టేషన్ కదా మేడమ్" అని అందరినీ నవ్విస్తాడు.

నేను పుట్టింది జమ్మలమడుగులో. అత్తగారిది పులివెందుల. తెలుగు పాఠాలు చెప్పేది ప్రొద్దుటూరులో. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి కాబట్టి అన్ని జిల్లాల పిల్లలూ మా బెంచీల మీద కలుస్తారు. మాటల తేడాలతో నాకు రోజూ కాలక్షేపమే.

కోస్తావాళ్ల బంగాళాదుంప మనకు ఉర్లగడ్డ, తెలంగాణలో ఆలుగడ్డ. మొదటి పేరులో బెంగాల్ ఉంది, మూడోదానిలో హిందీ ఆలూ ఉంది. మన ఉర్లగడ్డేమో తమిళుల ఉరుళైక్కిళంగుకు దగ్గరి చుట్టం. వాళ్ల మరమరాలు మనకు బొరుగులు. అవి లేకుంటే ఉగ్గాని లేదు. మినప్పప్పు మనకు ఉద్దిపప్పు, బొబ్బట్లు మనకు ఓళిగలు.

ఒకే మాటకు రెండు అర్థాలుంటే ఇంకా తమాషా. మనకు అనపకాయలంటే గింజలు ఒలిచి కూర వండుకునే చిక్కుడు జాతి కాయలు. విశాఖ వైపు ఆనపకాయ అంటే సొరకాయ! పులివెందుల తోటల్లో చీనీ అంటే బత్తాయి, హిందీలో చీనీ అంటే చక్కెర. హిందీలోనే చైనాకు చెందినదాన్ని కూడా చీనీ అంటారు. నెదర్లాండ్స్‌లో కమలాపండును పిలిచే పేరుకు అర్థం 'చైనా ఆపిల్' అని చెబితే మా పిల్లలు ఒక పట్టాన నమ్మలేదు.

ఇక జేజి. కోస్తాలో పసిపిల్లలకు జేజి అంటే దేవుడు. మన దగ్గర జేజి అంటే నాయనమ్మ. "జేజికి దండం పెట్టు" అంటే రెండు చోట్లా చేతులు జోడించాల్సిందే, కాకపోతే ఇక్కడి జేజి పిలిచి ముద్ద కూడా పెడుతుంది.

అయితే ఈ మాట దగ్గరే ఒకసారి నవ్వు ఆగిపోయింది. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె 'మా కుటుంబం' వ్యాసంలో "మా జేజి" అని రాసి, లేచి చదివింది. పక్క బెంచీవాళ్లు పకపకా నవ్వారు. తర్వాతి వ్యాసంలో ఆ మాట లేదు, గ్రాండ్‌మదర్ వచ్చింది. పేరెంట్స్ మీటింగులో వాళ్లమ్మ చెప్పింది: "ఆదివారం వాళ్ల జేజి ఫోన్ చేస్తే అరగంట మాట్లాడేది మేడమ్. ఇప్పుడు రెండు నిమిషాలకే ఫోన్ నా చేతికిస్తోంది."

మరుసటి రోజు, నాయనమ్మను ఎవరెవరు ఏమని పిలుస్తారో చెప్పమని క్లాసంతటినీ అడిగాను. బోర్డు మీద జేజి, అవ్వ, నాయనమ్మ, మామ్మ, బాపమ్మ, దాదీ వరుసగా చేరాయి. నవ్వినవాళ్ల మాటా అందులో ఒకటైంది. ఆ వారం ఆ అమ్మాయి జేజిని అడిగి పన్నెండు మాటలు రాసుకొచ్చింది. బిన్నా అంటే త్వరగా, రోంత అంటే కొంచెం, కసువు అంటే చెత్త... రెండు మాటలు నాకే కొత్త.

"ఇంత ఫీజు కట్టి చదివిస్తున్నాం, ఈ పల్లె మాటలు మానిపించండి మేడమ్" అని మీలో కొందరు అడుగుతుంటారు. మీ ఆత్రం నాకు తెలుసు. పరీక్షలో పాఠ్యపుస్తకం మాటే రాయిస్తాను, ఎక్కడో కూర్చుని దిద్దేవారికి అర్థం కావాలి కదా. కానీ అది ఇంటి మాటకు తోడుగా నేర్చుకునే ఇంకో మాట. ఇంటి మాటను తుడిచేస్తే పాపకు కొత్తగా వచ్చేదేమీ లేదు, జేజితో కబుర్లు మాత్రం పోతాయి.

మనం కోరుకునే ఇంగ్లీషు మాత్రం ఒక్కటిగా ఉందా? వంకాయ మనకు బ్రింజాల్, లండన్‌లో ఆబర్జీన్, అమెరికాలో ఎగ్‌ప్లాంట్. అమెరికాలో బిస్కట్ అడిగితే మెత్తటి రొట్టె ఇస్తారు. అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల అంతస్తు. 5/6 అని రాస్తే మే 6 అనుకుంటారు. బల్గేరియాలో తల పైకీ కిందికీ ఊపితే కాదని అర్థం! ఎదుటివారు ఎక్కడివారో చూసుకుని మాట ఎంచుకోవడం ఇంట్లోనే అలవాటైన పిల్లలకు ఇవేవీ కష్టం కావు.

మన మాట చిన్నదీ కాదు. తొలి తెలుగు శాసనంగా చెప్పే రేనాటి చోళుల శాసనం మన కలమల్లలోనే ఉంది. అది క్రీ.శ. 575 నాటిది. కడపలో పండితులను పెట్టుకుని తెలుగు తాళపత్రాలను పరిష్కరింపజేసిన సి.పి. బ్రౌన్, 1852లో అచ్చయిన తన నిఘంటువులో జనం నోటి మాటలకూ చోటిచ్చారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం నిండా జిల్లా జిల్లాల రైతులు వాడే మాటలే. పండితులు ఊరూరా వెతికి రాసుకున్న మాటలు మన వంటింట్లో ఊరికే దొరుకుతున్నాయి.

ఈ నెల ఇంట్లో ఒక పని చేయండి. పిల్లల చేతికి చిన్న నోటుబుక్కు ఇచ్చి, రోజుకొక మాట జేజినో అవ్వనో అడిగి రాయించండి. పక్కనే పుస్తకంలోని మాట, దాని పక్కన ఇంగ్లీషు మాట రాయించండి. వేరే జిల్లా నుంచి వచ్చినవాళ్లు మీ ఊరి మాట కూడా చేర్చండి. కువైట్‌లో ఉన్న నాన్నను ఫోన్లో అడిగితే అక్కడి రొట్టె ఖుబూస్ కూడా జాబితాలో చేరుతుంది. నెలాఖరుకు పుస్తకాలు తెలుగు టీచరుకు పంపితే, ఆ మాటలను పిల్లల పేర్లతో నోటీసు బోర్డు మీద పెడతాం.