పరిశీలిస్తాం

మా గోదావరి జిల్లాల్లో "లేదు" అని మొహం మీద చెప్పడం మర్యాద కాదు. అప్పు కోసం ఎవరైనా వస్తే మా తాతయ్య కాఫీ ఇప్పించి "చూద్దాం లెండి" అంటారు. వచ్చినాయన "ఆయ్, అలాగేనండి" అని లేచిపోతారు. డబ్బుల్లేవని ఇద్దరికీ అర్థమైపోయింది. ఆయన ఇంకో గుమ్మం చూసుకుంటారు. ఇందులో మోసం ఏమీ లేదు.

అదే మాట చట్టంలో ఉంటే?

మొన్న సెలవుల్లో 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం, పదమూడో షెడ్యూల్ చదివాను. (ఇంగ్లీష్ మీడియం కదా, ఇంగ్లీష్‌లోనే.) తమాషా అంతా క్రియల్లో ఉంది. కడప ఉక్కు ఫ్యాక్టరీ "కట్టాలి" అని లేదు, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు "పరిశీలించాలి" అని ఉంది. ఆయిల్ రిఫైనరీ, రైల్వే జోన్ కూడా అంతే: పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలి. నిర్ణయం "వద్దు" అయినా చట్టాన్ని పాటించినట్టే! ఫంక్షన్‌కి పెద్ద పేరు పెట్టి లోపల ఖాళీగా వదిలేస్తే ఎర్రర్ రాదు, పనీ జరగదు. సరిగ్గా అలా ఉంది. జోన్ ప్రకటన 2019 ఫిబ్రవరిలో వచ్చింది. కడపలో 2018లో ఒక ముఖ్యమంత్రి, 2019లో ఇంకో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు.

అదే చట్టం 90వ సెక్షన్లో పోలవరం దగ్గర మాత్రం నసుగుడు లేదు. జాతీయ ప్రాజెక్టుగా ప్రకటిస్తున్నాం, అంతే. తర్వాత తారీఖులు తప్పుతూనే ఉన్నాయి: 2018 అన్నారు, 2021 అన్నారు, ఇప్పుడు 2027. తిట్టుకుంటాం గానీ, తారీఖు చెప్పారు కాబట్టే తప్పిందని మనకి తెలిసింది. "పరిశీలిస్తాం" అన్నవాళ్ళని ఏమని అడుగుతాం? ఇంకా పరిశీలిస్తున్నాం అంటారు.

మన తెలుగులో దీనికంటే గట్టి ఆయుధం ఉంది: "జరుగుతుంది". "ఇస్తాం" అంటే ఎవరిస్తారో తెలుస్తుంది. "ఇవ్వడం జరుగుతుంది" అంటే వాన పడినట్టు దానంతటదే జరగాలి. మైకు పట్టుకున్న ప్రతి నాయకుడి నోటా ఇదే. మా కాలేజీ ఫంక్షన్లలో మేమూ ఇదే వాడతాం, అది వేరే సంగతి.

పోలవరం రిజర్వాయర్ పూర్తి మట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల వరకే నీళ్ళు నిలుపుతామన్నారు. ఆ రెండు గీతల మధ్య ఉన్న ఊళ్ళ వంతు తర్వాతి దశలో వస్తుంది. అక్కడ వాళ్ళకి పరిహారం "ఇవ్వడం జరుగుతుంది". ఈలోగా ఇంటి కప్పు కారితే కొత్త రేకులు వేయించుకోవాలా, వద్దా?