కొన్నాక ర్యామ్ పెరుగుతుందా?

ప్యారడైజ్ మెట్రో దిగి పార్క్ లేన్‌లోకి మళ్లితే చెనాయ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది. జంటనగరాల్లో కంప్యూటర్లతో పనిపడే వాళ్లకి పూర్తి పేరు అక్కర్లేదు, సీటీసీ అంటే చాలు. ముందు వరసలో కొత్త ల్యాప్‌టాప్‌లు అద్దాల వెనక మెరుస్తుంటాయి. నాకు మాత్రం లోపలి రిపేరు బల్లలతో పని పడింది.

ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ముగిసే వేళకి చుట్టాల నుంచీ స్నేహితుల నుంచీ ఫోన్లు మొదలవుతాయి. అప్పో సప్పో చేసి పిల్లలకి ల్యాప్‌టాప్ కొనబోయే వాళ్లు. ‘ఇప్పటికి 8 జీబీది తీసుకుని, తర్వాత ర్యామ్ వేయించుకుంటే పోలేదా?’ అని అడుగుతారు. ఒకప్పుడు అది మంచి సలహానే. సన్నటి మోడళ్లు వచ్చాక ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో మూత తీసి చూడాలనిపించింది. చిప్ లెవెల్ పని చేసే ఒకాయన, రద్దీ తక్కువుండే పూట వచ్చి కూర్చోమన్నారు.

షాపు ఇరుకే. బల్ల మీద వేడి తగిలినా కాలని సిలికాన్ మ్యాట్, దాని మీద మైక్రోస్కోపు, పక్కన హాట్ ఎయిర్ గన్. గోడ అరల్లో చచ్చిన మదర్‌బోర్డులు మోడల్ నంబర్ల చీటీలతో వరసగా నిలబెట్టి ఉన్నాయి. నేను కూర్చున్న కాసేపటికే నల్లగొండ వైపు నుంచి తండ్రీకూతుళ్లు వచ్చారు. ఆ అమ్మాయి సంచిలోంచి ఓ వేలంత మందం కూడా లేని ల్యాప్‌టాప్ తీసింది.

“మా బిడ్డ సీఎస్‌ఈ చదువుతుంది సారూ. నిరుడే కొనిచ్చిన. ఇప్పుడేమో గుంజుతలేదంటుంది. ర్యామ్ ఇంకో ఎనిమిది ఎక్కియ్యుండ్రి” అన్నాడు తండ్రి.

“విప్పకముందే ఒకటి చూద్దాం కాకా” అంటూ షాపాయన టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కారు. ఆ పేజీ అడుగున ‘ఫామ్ ఫ్యాక్టర్’ అని ఒక వరస ఉంటుంది. అక్కడ ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే ఊడదీసి మార్చుకునే స్టిక్కు ఉన్నట్టు. ఇందులో ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంది, అంటే చిప్పుల్ని బోర్డు మీదే సోల్డర్ చేసేశారు. ఆ పక్కనే స్లాట్ల లెక్క కూడా కనిపిస్తోంది. చాలామంది మోసపోయేది అక్కడే అన్నారాయన. స్లాటన్నదే లేని మిషన్లలోనూ విండోస్ ఆ చోట 4కి 4 అనో, 8కి 8 అనో చూపిస్తుంది. అది చూసి, ఉన్నవి తీసేసి పెద్దవి వేయొచ్చని వస్తారట.

తండ్రి కళ్లతో చూస్తే గానీ ఒప్పుకునేలా లేడు. రబ్బరు కాళ్ల కింద దాగిన స్క్రూలతో సహా అన్నీ విప్పి, సన్నటి ప్లాస్టిక్ పిక్‌ను అంచు వెంట నడిపిస్తే మూత టక్ టక్‌మంటూ విడివడింది. ముందుగా బ్యాటరీ కనెక్టర్ పీకేశారు. లోపల సగానికి పైగా బ్యాటరీయే ఆక్రమించుకుంది. మిగిలిన చోట్లో ఒక ఫ్యాను, పట్టీలా సాగిన మదర్‌బోర్డు. ప్రాసెసర్‌ను ఆనుకుని ఉన్న రేకు మూత లేపితే నాలుగు నల్లటి చిప్పులు. మైక్రోస్కోపులోంచి నన్నూ చూడమన్నారు. చిప్పుకీ బోర్డుకీ మధ్య గోరు కూడా దూరని సందు. ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ రకం చిప్పు ఒక్కోదాని అడుగున 200 సోల్డర్ గుండ్లుంటాయి. ప్రాసెసర్‌తో దాని మాటామంతీ అంతా వాటిగుండానే.

“స్లాటే లేదు కాకా. ర్యామ్ బోర్డు మీదనే అతికిచ్చిండ్రు.”

“పైసలెక్కువైనా ఇస్త, ఎట్లనో గట్ల ఎయ్యరాదు?”

వేయడం అసాధ్యమేమీ కాదు. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హాట్ ఎయిర్‌తో పాత చిప్పులు లేపి, ప్యాడ్లు శుభ్రం చేసి, ఎక్కువ కెపాసిటీ ఉన్నవి అదే కొలతలో వెతికి కూర్చోబెట్టాలి. అంతటితో అయిపోదు. బోర్డు మీద ఏ చిప్పులున్నాయో బయాస్‌కు చెప్పేందుకు ఆవగింజకన్నా చిన్న రెసిస్టర్లు కొన్ని ఉంటాయి, వాటి అమరికా మార్చాలి. కొత్త కెపాసిటీ బయాస్‌కు తెలిసినదై ఉండాలి. ఇంత చేశాక పక్కనున్న ప్రాసెసర్‌కు వేడి తగిలితే మిషన్ మొత్తం పోతుంది, వారంటీ ఎలాగూ ఉండదు. ఈ పని చేతనైన మనిషి, చదువుకునే పిల్ల మిషన్ మీద ఆ ప్రయోగం చేయనని ఖండితంగా చెప్పడం నాకు గౌరవం కలిగించింది. బేరం వదులుకోవడమే కదా అది.

“డబ్బా మీద 8 జీబీ అని రాసుంది అంకుల్. మార్చడానికి రాదని ఎక్కడా లేదు” అంది ఆ అమ్మాయి.

ఆ ఎనిమిదిలోనూ కొంత భాగం గ్రాఫిక్స్ వాడుకుంటుంది. ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్, క్రోమ్ కలిపి తెరిస్తే మిగిలేది ఏమీ ఉండదు. చాలని మేర ఎస్ఎస్‌డీలోకి వెళ్తుంది కాబట్టి అంతా నెమ్మదిస్తుంది. ఎస్ఎస్‌డీ మాత్రం ఎం.2 స్లాట్లో ఉంది, అది మార్చుకోవచ్చు. నిండిపోయిన డిస్కులో చోటు చేసి, స్టార్టప్‌లో లేచే ప్రోగ్రాములు ఆపేసి, ఎమ్యులేటర్ బదులు ఫోన్‌నే కేబుల్‌తో తగిలించి యాప్ నడుపుకోమని చెప్పి పంపారు. కొంత ఊరట, అంతకుమించి కాదు. డబ్బులు తీసుకోలేదు.

తర్వాత ఒక కుర్రాడు బల్ల మీద పెట్టింది సగం అతికించి సగం వదిలిన రకం. 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక ఖాళీ స్లాటు. స్టిక్కును ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పట్టుకున్నాయి, పని ముగిసింది. డీడీఆర్4కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262, మధ్య గాటు కూడా వేరే చోట ఉంటుంది గనక ఒకదాని స్థానంలో మరొకటి దిగదు. 8కి తోడు 16 వేస్తే మొత్తం 24 కనిపిస్తుంది గానీ, రెండు వైపులా సమానంగా ఉన్న 16 మాత్రమే జోడుగా పరుగెత్తుతుంది, మిగతా 8 ఒంటి దారిలో నడుస్తుంది. అందుకని ఆ కుర్రాడికి 8 చాలన్నారు. స్టిక్కు ధర విని వాడు నీరుగారిపోయాడు. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోవడంతో 2025 చివరికి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇలాంటి షాపుల్లో అందరికీ తెలిసిన క్రూషియల్ బ్రాండు నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ‘తర్వాత చూసుకుందాం’ అనే లెక్కకి స్లాటు ఉన్నచోట కూడా పాతకాలపు బలం లేదు.

అతికించడం ఎందుకు మొదలైందన్నది అటు కంపెనీలకీ ఇటు మనకీ న్యాయంగా చూడాల్సిన సంగతి. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ కవరులోంచి తీసి చూపిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2 జీబీ బోర్డు మీదే ఉంది. 2012లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రో అదే దారి పట్టింది. 2020లో ఎం1తో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేరిపోయింది. 2024లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్‌లోనూ అంతే. సన్నదనం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ఎల్‌పీడీడీఆర్ తక్కువ కరెంటుతో నడుస్తుంది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. తీగ పొట్టిదైతే సిగ్నల్ చెదరదు. మామూలు ల్యాప్‌టాప్ డీడీఆర్5 స్టిక్కు 5600 వేగం దగ్గర ఉంటే, అతికించిన ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ 8533 అందుకుంటుంది. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే విప్పుకుని బాగుచేసుకోవాలనే పట్టుదలతో పుట్టిన ఫ్రేమ్‌వర్క్ కంపెనీ సైతం 2025లో తెచ్చిన డెస్క్‌టాప్‌లో మెమరీని సోల్డర్ చేయక తప్పలేదు. ఆ ప్రాసెసర్‌తో స్లాటు పెడితే సిగ్నల్ నిలవడం లేదని చెప్పింది.

ఇంతవరకు ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది ధర. ఆపిల్ మన దేశంలో 8 నుంచి 16 జీబీకి వెళ్లడానికి 20 వేల రూపాయలు తీసుకునేది. 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను అదే ధరకి 16తో మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ ఆ పెంపుకి చిప్పుల ఖర్చే కారణమైతే రాత్రికి రాత్రి అదెలా కుదిరింది? బయట కొనుక్కునే దారి మూసుకుపోతే అమ్మేవాడు చెప్పిందే ధర.

మూడో దారి లేకపోలేదు. డెల్ 2022లో తన ప్రెసిషన్ ల్యాప్‌టాప్‌లలో పెట్టిన క్యామ్ అనే పలచటి మాడ్యూల్ ఆధారంగా 2023 డిసెంబరులో జెడెక్ సంస్థ క్యామ్2 ప్రమాణం ప్రకటించింది. దానిలో ఎల్‌పీడీడీఆర్ రకం 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది. స్క్రూలు విప్పి మార్చుకోవచ్చు, వేగం 7500. సన్నదనం, పొదుపు, మార్పిడి మూడూ ఒకచోట కుదురుతాయని రుజువైంది, కానీ అది ఖరీదైన ఆఫీసు మిషన్లను దాటి విద్యార్థుల ల్యాప్‌టాప్‌ల దాకా దిగలేదు. ఈ బల్ల మీదికి ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదట.

అరల్లో చచ్చిన బోర్డుల సంగతి అడిగాను. ర్యామ్ స్టిక్కు పాడైతే స్టిక్కు మార్చుకుంటే సరి. అతికించిన నాలుగింట్లో ఒక్క చిప్పు చెడినా, సర్వీసు సెంటర్లో సాధారణంగా చెప్పే మాట బోర్డు మొత్తం మార్చాలనే. వారంటీ దాటితే ఆ ఖర్చు భరించలేక జనం ఇక్కడ వదిలేసి పోతారు. అలాంటి బోర్డుల్లోంచి మంచి చిప్పులు ఏరి ఈయన ఇంకో మిషన్‌ను బతికిస్తారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, మంచి అడుగే. ఫ్రిజ్ మీద నక్షత్రాల లేబుల్ తప్పనిసరి చేయగలిగిన ప్రభుత్వం, ‘మెమరీ మార్చుకోవచ్చు’, ‘మార్చుకోలేరు’ అనే ఒక్క వరసను ల్యాప్‌టాప్ డబ్బా మీద పెద్దక్షరాల్లో వేయించలేదా?

వెళ్లబోతుంటే ఎదురు షాపులో ఒక తల్లి, కొడుకు కొత్తది బేరమాడుతున్నారు. ఇద్దరికీ నచ్చింది 14 అంగుళాలది. మా రిపేరు షాపాయన నావైపు చూసి, వాళ్లని పిలిచి, డబ్బా మీది పేరు వదిలేసి పూర్తి మోడల్ నంబరు చదవమన్నారు. కంపెనీ సైటులో ఆ నంబరు కొడితే వచ్చిన వివరాల్లో ‘ఎల్‌పీడీడీఆర్5, ఆన్‌బోర్డ్’ అని ఉంది. ఎల్‌పీ అన్న అక్షరాలు ముందుంటే దాదాపు అతికించినదే. అదే పేరుతో ఉన్న 15 అంగుళాల మోడల్లో ఒక స్లాటు ఉందని తేలింది. అది కాస్త మందం, పావు కిలో బరువెక్కువ. కొడుకు మొహం మాడ్చుకున్నాడు, కాలేజీకి మోసుకెళ్లేది తనే కదా అన్నాడు. బరువు సంగతీ నిజమేనని, తేలికదే కావాలంటే ఇవాళే 16 జీబీది తీసుకోవాలని షాపాయన చెప్పారు. తల్లి రెండింటి ధరలూ ఫోన్లో పోల్చి చూసుకుని, ఇంటికి ఫోన్ చేసి, 14 అంగుళాలదే 16 జీబీతో ప్యాక్ చేయమంది.