బండి ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్‌లో నాగోలు మెట్రో స్టేషన్ దగ్గర పార్కింగ్ రేట్ల బోర్డు కనపడితే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. 2024 అక్టోబరు 6 నుంచి అక్కడా, మియాపూర్‌లోనూ మొదలైన రేట్లు అవి. స్కూటరుకు రెండు గంటల దాకా 10 రూపాయలు, ఎనిమిది గంటల దాకా 25, పన్నెండు గంటల దాకా 40. కారుకైతే 30, 75, 120. మెట్రో దగ్గర బండి పెట్టి రెండు గంటల్లో తిరిగొచ్చేవాళ్ళు ఎవరండీ? బోడుప్పల్‌లో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం ఉన్న మనిషినే తీసుకోండి. ఆఫీసులో ఎనిమిది గంటలు, రైల్లో రానూపోనూ రెండు గంటలు, స్టేషన్ నుంచి ఆఫీసుకు నడకో ఆటోనో. పొద్దున పెట్టిన బండి దగ్గరికి మళ్ళీ వచ్చేసరికి పదకొండు గంటలు దాటుతుంది. అంటే రోజూ వచ్చేవాడి పాలిట పడేది 40 రూపాయల రేటే. నెలకు పాతిక రోజులు వేసుకుంటే వెయ్యి రూపాయలు, బండి కదలకుండా నిలబడినందుకు. టికెట్ ఖర్చు వేరే. 2025 మేలో అదీ పెరిగింది. కనీసం 10, గరిష్ఠం 60 ఉన్నవి 12, 75 అయ్యాయి, జనం గోల పెట్టాక పది శాతం తగ్గించారు.

డబ్బు కట్టడం మీద నాకు కోపం లేదు. స్థలం ఖరీదు నాకూ తెలుసు. మెట్రో ఎక్కడానికే వచ్చిన మనిషిని, దారిన పోతూ బండి ఆపుకున్న మనిషిని ఒకే కంటితో చూడటం మీద కోపం. 2018లో తెలంగాణ ప్రభుత్వం మాల్స్ పార్కింగ్ మీద ఒక ఉత్తర్వు ఇచ్చింది, గుర్తుందా? మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట దాటి గంటలోపైతే, ఏదో ఒకటి కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, పార్కింగ్ రుసుము కంటే బిల్లు ఎక్కువ ఉంటే ఉచితం. అద్భుతమైన న్యాయం అది. కొనడానికి వచ్చినవాడు బండి పెట్టుకోవడం కూడా కొనుగోలులో భాగమే అని ఒప్పుకున్న న్యాయం. అదే న్యాయం మెట్రోకు ఎందుకు వర్తించకూడదు? కార్డు గేటు దగ్గర ఆనించి రాయదుర్గం దాకా వెళ్ళి వచ్చినవాడి చేతిలో ఉన్నది బిల్లు కాదా? పాప్‌కార్న్ కొన్నవాడికి దొరికే మర్యాద ఉద్యోగానికి పోయేవాడికి దొరకొద్దా? ఈ మాట నేను దొరికిన వాళ్ళందరికీ చెబుతూనే ఉన్నాను. ఇంకా చెబుతాను. టికెట్టే పార్కింగ్ చీటీ కావాలి.

2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రధాని మెట్రోను ప్రారంభించారు. మర్నాటి నుంచి నాగోలు, మియాపూర్ మధ్య జనం ఎక్కారు. రుసుము పెట్టకముందు నాగోలు పక్కనున్న ఖాళీ స్థలంలో బండి పెట్టుకోవడం ఉచితం. ఆ ఖాళీ స్థలమే శివార్లకు మెట్రో అలవాటు చేసింది. పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి, ఘట్‌కేసర్ వాళ్ళు రద్దీ రోడ్డు మానేసి రైలెక్కడానికి కారణం స్టేషన్ల అద్దాలూ ఎస్కలేటర్లూ కాదు, బండి నిశ్చింతగా వదిలి వెళ్ళే చోటు ఉండటం. 2024 ఆగస్టులో రుసుము పెట్టబోతే ప్రయాణికులు నాగోలులో నిరసనకు దిగారు. కొన్నాళ్ళు వాయిదా పడింది, తర్వాత వచ్చేసింది. ఆ రోజు గొంతెత్తిన వాళ్ళను చూసి చిల్లర డబ్బులకు గొడవేమిటి అన్నవాళ్ళున్నారు. అలా అన్నవాళ్ళ ఇల్లు స్టేషన్‌కు నడిచిపోయేంత దూరంలో ఉండి ఉంటుంది.

అసలు శివారు మనిషి బండి ఎక్కడ పెట్టుకోగలడు? లెక్క తీస్తే రెండు చివర్లే కనిపిస్తాయి. పటాన్‌చెరు, చందానగర్, బాచుపల్లి వైపు వాళ్ళకు మియాపూర్, వరంగల్ రోడ్డు వాళ్ళకు నాగోలు. రెండు చోట్లా డిపోలున్నాయి, నేల ఉంది. ఎల్బీనగర్ కూడా చివరి స్టేషనే. హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట, వనస్థలిపురం అంతా అక్కడికే వచ్చి పడుతుంది, కానీ ఆ జనానికి సరిపడే చోటు లేదు. అల్వాల్, బొల్లారం వాళ్ళు జేబీఎస్ మెట్రో స్టేషన్ దాకా వచ్చి సందుల్లో వెతుక్కోవాలి. కొంపల్లి, మేడ్చల్ వాళ్ళ సంగతి సరేసరి.

అన్నిటికంటే బాధ పెట్టేది ఉప్పల్. వరంగల్ రోడ్డు మీద వచ్చేవాడికి ఎదురుపడే మొదటి స్టేషన్ అదే. 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనుల దుమ్మంతా మింగి చౌరస్తాకు చేరిన మనిషికి ఆకాశంలో అందమైన స్కైవాక్ కనిపిస్తుంది. 660 మీటర్ల పొడవు, 2023 జూన్‌లో తెరిచారు. నడిచేవాళ్ళకు నిజంగా మేలు చేసింది, నేను మెచ్చుకుంటాను. కానీ బండి మీద వచ్చినవాడు అక్కడ చోటు దొరక్కపోతే దాని కిందినుంచి చూస్తూ, నగరానికి వీపు పెట్టి, వెనక్కి నాగోలు దాకా పోవాలి. తన స్టేషన్ కళ్ళ ముందు ఉండగా పక్క స్టేషన్‌కు పోవడం ఎంత చిరాకో ఆ చౌరస్తాలో ఆగినవాళ్ళకే తెలుస్తుంది.

అటు నాంపల్లిలో మెట్రో స్థలంలో పదిహేను అంతస్తుల భవనం కట్టారు. అందులో పది అంతస్తులు బళ్ళకే. జర్మన్ యంత్ర పరిజ్ఞానంతో కారును లిఫ్టే తీసుకెళ్ళి పైన పెడుతుంది. 250 కార్లు, 200 స్కూటర్లు పడతాయట. నాంపల్లిలో పనున్నవాళ్ళకు మంచిదే. శివారు మనిషికి మాత్రం అది తిరగేసిన వైద్యం. నాంపల్లి దాకా కారులో రాగలిగినవాడు ఇక మెట్రో ఎందుకెక్కుతాడు? బండిని నగరం బయట ఆపడం కదా అసలు ఉద్దేశం! ఆ యంత్రం ఉప్పల్‌లో ఉంటే నేను దండం పెట్టుకునేవాణ్ణి.

బస్సుల్లో రావచ్చు కదా అంటారు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచితం కూడా. ప్రధాన రోడ్డు మీద ఇల్లున్నవాళ్ళకు అది వరమే. కాలనీ లోపల, చివరి లేఅవుట్‌లో ఇల్లున్న అమ్మాయి రాత్రి తొమ్మిదింటికి ఏ బస్సులో పోతుంది? ఆమెకు స్కూటీయే బస్సు.

అమెరికాలో మనవాళ్ళకూ ఇదే అవసరం. న్యూజెర్సీలో ఎడిసన్, ఐస్లిన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు మెట్రోపార్క్ అనే రైల్వే స్టేషన్ బాగా తెలుసు. 1971లో దాన్ని తెరిచిందే హైవే పక్కన కారు ఆపి న్యూయార్క్ రైలెక్కడానికి. స్టేషన్ కట్టి తర్వాత కార్ల సంగతి ఆలోచించలేదు, కార్ల కోసమే స్టేషన్ కట్టారు. వాషింగ్టన్ శివారు ఆష్‌బర్న్ కూడా మనవాళ్ళతో నిండిన ఊరే. 2022 నవంబరులో మెట్రో అక్కడికి చేరింది, స్టేషన్‌కు రెండు వైపులా పార్కింగ్ భవనాలున్నాయి. డబ్బు అక్కడా తీసుకుంటారు. అయితే ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు బండికి చోటు దొరుకుతుందో లేదో అన్న బెంగ ఉండదు. నాకు కావలసింది ఆ నిబ్బరమే.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు కుదుటపడదు. ఒక స్టేషన్ కింద డబ్బు కట్టి పెట్టిన నా స్కూటరు అద్దం సాయంత్రానికి విరిగిపోయి ఉంది. గేటు దగ్గర కుర్రాణ్ణి అడిగితే చీటీ వెనక్కి తిప్పి చూపించాడు. వాహనాలకు జరిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదని చిన్న అక్షరాల్లో ఉంది. కుర్రాడిది తప్పు కాదు, పాపం, వాడు ఎండలో నిలబడి జీతానికి పనిచేస్తున్నాడు. కానీ బాధ్యత లేనప్పుడు డబ్బు దేనికి తీసుకున్నట్టు? మన్ను మీద గీసిన తెల్ల గీతకా? పార్కింగ్ అంటే స్థలం అద్దెకివ్వడమని ఎవరు నేర్పారో గాని, పాడు చదువు నేర్పారు. బండిని కనిపెట్టుకుని ఉండటానికి కదా మనం డబ్బిచ్చేది!

భువనగిరి స్టేషన్ బయట సైకిల్ స్టాండు తాతను చూసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. మా నాయన సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు. పొద్దున ప్యాసింజరుకు పోయి సాయంత్రం ప్యాసింజరుకు వచ్చేవాడు. ఆయన అట్లాస్ సైకిలు పగలంతా తాత దగ్గరే. రేకుల షెడ్డు, అడ్డంగా ఇనప పైపులు, మూలకు గాలి పంపు, నీళ్ళ కుండ. కొత్తవాళ్ళకు నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఒకటి చేతికిచ్చి, దాని జత హ్యాండిల్‌కు కట్టేవాడు. నెలవారీ వాళ్ళకు బిళ్ళ లేదు, మొహమే బిళ్ళ. ఎవరు ఏ బండికి తిరిగొస్తారో తాతకు కంఠస్థం. ముందు బండికి దిగేవాళ్ళ సైకిళ్ళు ముందు వరసలో, ఆఖరి బండి వాళ్ళవి గోడ వైపు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో టైరు నొక్కి చూసేవాడు. గాలి తగ్గితే కొట్టేవాడు, పంక్చరైతే తీయించి ఉంచేవాడు, డబ్బు మర్నాడిచ్చినా సరే. మా అమ్మ కబురు చెప్పాలంటే స్టాండుకే పంపేది. “మీ నాయిన ఈ బండికి రాలేదు బిడ్డా, తర్వాతి బండికొస్తడు, ఇంటికి పో” అని నన్ను తిప్పి పంపేవాడు. రేట్ల బోర్డు ఉన్నట్టు కూడా నాకు గుర్తులేదు.

మా నాయన లాంటి సీజన్ టికెట్ల వాళ్ళదొక లోకం. ఒకే డబ్బా, ఒకే కిటికీ, చేతిరుమాలు వేసి ఆపిన సీట్లు. మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి పేకాట మొదలుపెడితే బీబీనగర్, ఘట్‌కేసర్, మౌలాలి ఎప్పుడు దాటాయో తెలిసేది కాదు. పాలవాళ్ళు క్యాన్లను కిటికీ ఊచలకు బయట తగిలించి తాము తలుపు దగ్గర నిలబడేవాళ్ళు. సీతాఫలాల రోజుల్లో బుట్టలు దాటుకుని దిగాలి. ఎవరి ఇంట్లో ఎవరికి జ్వరమో, ఎవరి కొడుకు పదో తరగతి గట్టెక్కాడో ఆ డబ్బాలో అందరికీ తెలుసు. స్టాండు తాత కూతురి పెళ్ళికి డబ్బా డబ్బా కదిలింది. చందాలు వేసుకుని బిందెలూ బీరువా కొన్నారు, పెరుగంతా పాలవాళ్ళే తెచ్చిపెట్టి పైసా ముట్టలేదు. వచ్చినవాళ్ళ సైకిళ్ళు పందిరి పక్కన అడ్డదిడ్డంగా పడేసి ఉంటే తాత చూడలేక, పట్టుపంచె ఎగ్గట్టి, ఒక్కొక్కటే వరసగా సర్దిపెట్టాడు. బంధువులు వచ్చి చేయి పట్టుకు లాగినా వినలేదు. పీటల మీదికి రమ్మని పంతులు కేకలు వేస్తుంటే, “పొద్దుటి బండికి పోయేటోళ్ళవి ముందర పెట్టాలె, జరాగు” అన్నాడట. ఆ రోజు ప్యాసింజరు అరగంట ఆలస్యంగా వచ్చింది గనక సరిపోయింది, లేకపోతే సగంమంది బగారా అన్నం తినకుండానే స్టేషన్‌కు పరుగెత్తేవాళ్ళని మా నాయన చెప్పేవాడు.