కడబంతి

మన భాషలో 'బంతి' అను మాటకు, బంతిపూవు సంగతి విడిచిపెట్టినను, రెండర్థములు మిగులును. పిల్లలు గోడకు కొట్టి ఆడుకొనునది యొకటి. పెండ్లిలో విస్తళ్లు పరచి జనులను వరుసగా కూర్చుండబెట్టునది మరియొకటి. ఈ రెండు బంతులును ఒక్కచోట కలిసి తగవుగా మారు వింతను చూచుటకై నేను ఏలూరు విడిచి, సముద్రములు దాటి, షికాగో మహానగరమునకు పడమటి శివారున నున్న నేపర్‌విల్‌లో 19 ఏండ్లు కాపురముండి, తుదకు 2024వ సంవత్సరపు వేసవిలో మా యెదురింటి వృద్ధుని గ్యారేజీలో మడతకుర్చీపై కూర్చుండవలసి వచ్చినది.

ఆ యేడు షికాగో దక్షిణభాగపు జట్టైన వైట్ సాక్స్ ఓడిన తీరు లోకవిదితము. బేస్‌బాల్ మేజర్ లీగులో ఒక్కొక్క జట్టు ఏటికి 162 ఆటలాడును. అందు వీరు గెలిచినవి 41, ఓడినవి 121. 1900 తరువాతి కాలమున ఒక యేట ఇన్ని ఆటలోడిన జట్టు మరియొకటి లేదు. 1962లో క్రొత్తగా పుట్టిన న్యూయార్క్ మెట్స్ జట్టు 120 ఓటములతో తెచ్చుకొని అంతకాలము మోసిన అపకీర్తిని వీరు తమ భుజమున కెత్తుకొనిరి. మొదటి 25 ఆటలలోనే 22 పోయినవి. ఋతువారంభమై రెండు వారములు నిండకమున్నే హిమేనెజ్, రాబర్ట్, మొంకాడా అను ముగ్గురు ముఖ్యులగు బ్యాటర్లు ఒకరి వెనుక నొకరు గాయపడి కూలబడిరి. ఇక మిగిలినవారిని ఏ వరుసలో నిలుపవలె నన్నదే ఆ వేసవి యంతయు మా సభకు చర్చనీయాంశము.

సభ యని యేల యన్నాననగా, మన యూళ్లలో ఇంటి ముందర అరుగుండెడిది. దారిన పోవువాడు క్షణము నిలిచి, కూర్చుండి, దేశకాలపరిస్థితులను చక్కదిద్ది లేచిపోయెడివాడు. ఇచ్చటి ఇండ్లకు అరుగులు లేవు. కాని వేసవి సాయంకాలమున గ్యారేజీ తలుపు పైకెత్తి, కారును వెలుపల నిలిపి, ఆ ఖాళీలో నాలుగు కుర్చీలు వేసికొన్నచో అది అరుగు చేయు పనులన్నియు చేయును. వృద్ధుడు ముప్పదియేండ్లకు పైగా ఇంటింటికి ఉత్తరములు మోసి విశ్రాంతి పొందినవాడు. దక్షిణ షికాగోలోని బ్రిడ్జిపోర్టు పేటలో, ఆ జట్టు క్రీడాస్థలమునకు కూతవేటు దూరమున పుట్టినవాడు. నగరమునకు ఉత్తరమున కబ్స్ అను మరియొక జట్టు కలదు; దాని ప్రస్తావన ఆ గ్యారేజీలో అమంగళము. గోడబల్లపై రంగుడబ్బాల నడుమ ఆయన రేడియో. లోపల టెలివిజనుండగా ఈ రేడియో యేల యని నే నొకనాడడిగితిని. "చూస్తే ఓపిక పోతుంది, వింటే ఇంకా కాస్త ఆశ ఉంటుంది" అనెను.

మేనేజరు తన తొమ్మిదిమంది పట్టికను ఆటకు కొన్ని గంటల ముందు ప్రకటించును. వృద్ధుడు అంతకు ముందే, మధ్యాహ్నభోజనము కాగానే, తన పట్టిక తాను సిద్ధము చేసికొనును. తీగచుట్టల నోటుపుస్తకమున తొమ్మిది గీతలు గీసి, చెవిమీది పెన్సిలు తీసి, ఎదుటి జట్టు పిచర్ ఏ చేతివాటము వాడో మూలను చిన్న యక్షరముతో గుర్తించి, ఒక్కొక్క పేరును తపాలా గుమాస్తా చిరునామా వ్రాసినంత స్పష్టముగా వ్రాయును. పిచర్ ఎడమచేతివాడైన కుడిచేతి బ్యాటర్లకు మేలు, కుడిచేతివాడైన ఎడమచేతి వారికి మేలు. అందువలన ప్రతిదినమును పట్టిక కొంత మారవలసినదే. కాని ఏ దినమున చూచినను మూడవ గీతయొద్ద మాత్రము కాగితము చెరిపి చెరిపి పలుచనై, ఆవలి పుటలోని నిన్నటి యక్షరములు నీడలవలె కనబడుచుండెను. ఆ గీత బెనింటెండీ అను బ్యాటరుది. ఐదేండ్లకు ఏడున్నర కోట్ల డాలర్లు; ఆ జట్టు అంతవరకు ఎవ్వరికిని అంత సొమ్ము ఒప్పుకొని యుండలేదు. ఋతువు తొలిభాగమున ఆయన బ్యాటు పలుకలేదు. తుదకు 20 హోమ్ రన్లు కొట్టినాడుగాని, జూన్ నెలలో ఆ సంగతి యెవరికి తెలియును? అయినను ఆయనను క్రిందికి దింపుటకు మేనేజరునకు చేయి రాదు, మా వృద్ధునికిని చేయి రాదు. అంత కట్నము పోసి తెచ్చుకొన్న అల్లుని కడబంతిలో కూర్చుండబెట్టుట యెట్లని నే ననుకొంటిని. ఆ మాట వారికి ఇంగ్లీషున చెప్పబూని, కట్నమును వివరించుటతోనే సగము సాయంకాలము గడచినందున, మరల ఆ జోలికి పోలేదు.

క్రికెట్టున కలవాటుపడిన మనకు ఈ తొమ్మిది స్థానముల తంటా తొలుత అర్థము కాదు. మన యాటలో కుదురుకొన్నవాడు రోజంతయు ఆడును. వెనుకవాడు ప్యాడ్లు కట్టుకొని కూర్చుండుటయే గావచ్చును. బేస్‌బాల్‌లో అట్లు కాదు. తొమ్మిదిమందియు గానుగెద్దులవలె వరుస తప్పక తిరిగి తిరిగి రావలయును. మధ్యలో తీసివేయబడినవాడు ఆ దినమునకు మరల రాకూడదు. మన భోజనపు బంతిలో లేచినవాడు మరల కూర్చుండరాదన్నట్లే. ఆట ఏ స్థానమువద్ద ముగియునో ముందు తెలియదు గావున, వృద్ధుని కుమార్తె, కళాశాలలో గణితము చెప్పునామె, ఒకనాడు గ్యారేజీ నేలపై సుద్దముక్కతో లెక్క వేసి చూపినది: ఒక్క మెట్టు దిగినచో ఆటకు తొమ్మిదింట నొకపాలు అవకాశము తగ్గును, 162 ఆటలకు అది 18 మారులు, మొదటివానికంటె కడపటివానికి ఏటికి 144 మారులు తక్కువ. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని మనము సామెత చెప్పుకొందుము. ఇక్కడ వడ్డించువాడు ఎవనికిని మనవాడు కాడు. కడపటి విస్తరికి గారె తగ్గితీరును.

అందుచేత మిక్కిలి బాగుగ కొట్టువానిని రెండవ స్థానమున నిలుపవలెనని యామె వాదము. వృద్ధుని కది దైవదూషణముతో సమానము. 1959లో ఆయన ఏడేండ్ల బాలుడు. నలువదియేండ్ల తరువాత వైట్ సాక్స్ తమ లీగును గెలిచిన యేడది; గెలిచిన రాత్రి నగరాధికారులు వైమానికదాడి సైరన్లు మ్రోగింపగా, రష్యావారి బాంబులు పడునేమోనని జనులు బెదరిపోయిన మాట నిజము. ఆ జట్టులో మొదట అపరిసియో, రెండవవాడు నెల్లీ ఫాక్స్. ఫాక్స్ కొండంత దెబ్బలు కొట్టువాడు కాడు; బంతిని మెల్లగా ఖాళీలోనికి త్రోసి ముందువానిని ముందుకు జరుపువాడు. ఆ యేటి లీగు శ్రేష్ఠుడని ఆయనకే బహుమాన మిచ్చిరి. "రెండోవాడంటే అలా ఉండాలి" అని వృద్ధుడు. "నాన్నా, ఆ రోజులు వేరు. అసలు ఎంత బాగా పేర్చినా, ఎంత చెడగొట్టినా, ఏడాదికి ఒక్క గెలుపు తేడా, మహా అయితే రెండు" అని ఆమె. "అయితే ఆ ఒక్కటీ ఇవ్వమను!" అని ఆయన.

మొదటి స్థానమునుగూర్చి మా వీధిలో మరియొక చిక్కుండెను. జూలై నెలాఖరున టామీ ఫామ్‌ను వేరొక జట్టునకు ఇచ్చివేసిరి. ఆ ఖాళీయైన పీటపై కొన్నిదినములు నికీ లోపెజ్‌ను కూర్చుండబెట్టిరి. ఆయన మా నేపర్‌విల్ బిడ్డ. ఇచ్చటి సెంట్రల్ హైస్కూలులో చదివినవాడు. ఊరివాడు మొదట నిలిచినప్పుడు గణితము తెలిసినామె కూడ కొంతసేపు మాటాడలేదు. నేనును మన ఊరివాడంటిని. అన్న తరువాత నాకే ఆశ్చర్యమైనది; 19 ఏండ్లలో ఈ యూరిని నేను మన ఊరని పలికినది అదియే మొదలు.

మేనేజరు వరుసను తప్పుపట్టుట ఇచ్చటి జనులకు నేటి విద్య కాదు. 1951 ఆగస్టు 24న సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వెక్, ఎంత యేడ్చినను గెలువని తన జట్టు వరుసను ప్రేక్షకులకే వదలివేసెను. అవును, కాదు అని అట్టలెత్తి వారు నిర్ణయించుచుండగా మేనేజరు జాక్ టేలర్ ఊగుకుర్చీలో తీరికగా కూర్చుండెను. జనులు అంతవరకు బెంచీపైనున్న షెర్మ్ లాలర్‌ను క్యాచరుగా దింపిరి. బ్రౌన్స్ 5-3తో గెలిచినది. ఆ లాలరే మరుసటి యేడు వైట్ సాక్స్‌కు వచ్చి 1959 నాటి జట్టుకు క్యాచరైనాడు. ఆ వెక్కే అప్పటికి దాని యజమాని. ఈ కథ చెప్పునప్పుడు వృద్ధుని కంఠమున నొక అధికారధ్వని వినబడును. ఆ వోటువేసిన వేయిమందికి తాను వారసుడైనట్లు!

నావంతు వచ్చినప్పుడు నేను 2001 నాటి కోల్‌కతా ముచ్చట చెప్పితిని. ఫాలో ఆన్ ఆడుచున్న భారతజట్టు, ఆరవ స్థానమున నాడుచుండిన మా హైదరాబాదు లక్ష్మణ్‌ను మూడవ స్థానమునకు జరిపి, ద్రవిడ్‌ను ఆరవ స్థానమునకు దింపినది. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180. నాలుగవనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు వారిద్దరును అవుటు కాకయే ఆడిరి. ఓడవలసిన ఆట 171 పరుగులతో మనదైనది. వరుస మార్చుటవలన నేమి జరుగునని యడుగువారికి నా సమాధానమిదియే యంటిని. వృద్ధుడు చాలసేపు ఆలోచించి, "రోజంతా ఆడారా? మరి భోజనమో?" అని యడిగెను. భోజనమునకును, తేనీటికిని విరామములున్నవని తెలిసిన తరువాత క్రికెట్టుపై ఆయనకు గౌరవము హెచ్చినది.

ఇక ఆగస్టు మొదటివారమునాటి మా దుస్థితి. జూలై 10నుండి వరుసగా 21 ఆటలు పోయినవి. 1972లో డెట్రాయిట్ మేనేజరు బిల్లీ మార్టిన్ విసుగెత్తి, పేర్లు టోపీలో వేసి తీసి ఆ వరుసనే ఆడించి గెలిచినాడని ఎవరో గుర్తుచేసిరి. టోపీ దొరకలేదు. నేను తీసికొనిపోయిన జంతికల డబ్బా అప్పటికి ఖాళీ యగుటచే, అందు తొమ్మిది చీట్లు వేసి మా చిన్నవానిచేత తీయించితిమి. రాబర్ట్ తొమ్మిదవవాడుగాను, దూదిదెబ్బలు కొట్టు నొక అభాగ్యుడు నాలుగవవాడుగాను వచ్చిరి. నూనె మరకలంటిన ఆ చీట్లను వృద్ధుడు పుస్తకమున యథాతథముగా ఎక్కించుకొనెను. ఆ రాత్రి, ఆగస్టు 6న, ఓక్లండ్‌లో వైట్ సాక్స్ 5-1తో గెలిచినది. మా వరుసతో గాదు, మేనేజరు గ్రిఫోల్ వరుసతోనే. రెండు దినములకు ఆయన యుద్యోగము పోయెను. వంటశాలలో సరకు లేనప్పుడు వడ్డించువానిని మార్చిన నేమగునని నా యభిప్రాయము. గ్యారేజీలో దానిని బలపరచినవారు లేరు.

అరోరాలోని వేంకటేశ్వరస్వామి యాలయమున పులిహోర పొట్లము పట్టుకొని నిలుచున్నప్పుడు మనవారు నన్ను చూచి నవ్వెడివారు. "గెలిచే జట్టే దొరకలేదా మాస్టారూ?" అని యొక మిత్రుడు. దొరకకేమి? గెలుచు జట్టునకు నా సలహా అక్కరలేదు. ఆ స్టేడియములో నే నొక టిక్కెట్టును మాత్రమే. ఓడు జట్టు గ్యారేజీలో మాత్రము, ఆట నియమములు సగమే తెలిసిన ఏలూరువానిని కూడ "నువ్వేమంటావు?" అని అడుగుదురు.

సెప్టెంబరు 24న వృద్ధుడు నన్ను 35వ వీధి స్టేడియమునకు తీసికొనిపోయెను. అప్పటికి ఓటములు 120. 121వ దానిని కన్నులార చూతమని వచ్చినవారే పెక్కండ్రు. జట్టును అమ్మివేయుమని యజమానిని గూర్చి కేకలు. ఎనిమిదవ ఇన్నింగ్సువరకు 2-0తో వెనుకబడియున్నవారు ఒక్కసారిగా మూడు పరుగులు తీసి గెలిచిరి. నా వెనుకనున్న కుఱ్ఱడు టిక్కెట్టు డబ్బు దండుగైనట్లు మొగము పెట్టినాడు. ఆ మరునాడును, ఆపైనాడును గెలుపే. సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడిరి. వృద్ధుడు రేడియో తగ్గించి కుమార్తెవైపు తిరిగెను. "120 దాటకుండా ఉండటానికి ఎన్ని ఆటలు చాలేవి?" ఆమె గణితము చదివినది గనుక జవాబు చెప్పక తప్పలేదు.

"ఒకటి" అన్నది.

మిగిలిన రెండాటలును గెలిచిరి. ఆదివారమునాడు ఋతువు ముగిసినది. బయట గాలికి మేపిల్ ఆకులు గ్యారేజీలోనికి కొట్టుకొని వచ్చుచుండెను. పోనిండి, గెలుపుతో ముగించినారు గదా యని నే నంటిని. వృద్ధుడు పుస్తకమునుండి తల యెత్తలేదు. "గెలిస్తే గెలిచారు గానీ, ఆ రెండో చోట వాణ్ణి పెట్టడమేమిటి? ఎవడైనా పెడతాడా?" అని పెన్సిలు త్రిప్పి రబ్బరుతో చెరుపసాగెను. వీధి కావలినుండి మా యావిడ, "ఏమండీ, మీ సభ అయిందా, అన్నం చల్లారిపోతోంది" అని కేకవేసినది. కుమార్తె సుద్దముక్క వెదకుచుండెను.