కోడి, గుడ్డు, గేదె

సస్కటూన్‌లో పిల్లలకు తెలుగు ఓనమాలు దిద్దించే తల్లిదండ్రుల మధ్య ప్రతి శీతకాలమూ ఒక వాదన వస్తూంటుంది: ఖ, ఘ, ఙ, ఞ లు యీ పిల్లలకు దేనికి, తీసేస్తే పోలేదా అని. మా యింట్లో ఆ వాదన తేలకముందే థాయి భాష వచ్చి పడింది. బాంకాక్ ప్రయాణం పెట్టుకొని, సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన వున్న సాయంకాలాలలో ఆ లిపి నేర్చుకోవడానికి కూర్చున్నాము.

మన అ-అమ్మ, ఆ-ఆవులాగా వారికీ అక్షరానికొక పేరు. కో-కై అంటే కోడి, ఖో-ఖై గుడ్డు, ఖో-ఖ్వాయ్ గేదె. హల్లులు 44, రెండు వాడుకలో లేవు. తరగతులు మూడు: మధ్యమం 9, ఉచ్చం 11, నీచం 24. (నీచమంటే తప్పు పట్టకండి, జ్యోతిషంలో మాటే.) స్వరాలు అయిదు. అక్షరం ఏ తరగతిదో తెలియనిదే గొంతు పైకి పోవాలో కిందికి రావాలో తెలియదు. ఇంగ్లీషు పుస్తకాలు అన్నిటినీ బట్టీ పట్టమంటాయి.

తెలుగువారికి ఆ శ్రమ చాలావరకు లేదు. కోడి మన క, గుడ్డు మన ఖ, గేదె మన గ! వర్గంలో మొదటిది మధ్యమం, రెండవది ఉచ్చం, తక్కిన మూడూ నీచం. య ర ల వ లు నీచంలోకి, శ ష స హ లు ఉచ్చంలోకి పోతాయి. వారు తమ ధ్వనుల కోసం చేర్చుకొన్న కొన్నిటిని మాత్రం విడిగా గుర్తుంచుకోవాలి. దక్షిణదేశపు పల్లవ లిపి ఖ్మేరుల మీదుగా వారికి చేరింది, వరుస చెదరలేదు.

ఐతే వారి నోట గ, ఘ లు రెండూ ఖ అయినాయి. గురువు "ఖ్రూ", నగరం "నఖోన్". వ్రాసేది మాత్రం గ తోనే. నాదం పోయినా స్వరం మిగిలింది. "ఖా" అని ఖ తో వ్రాస్తే గొంతు కిందినుంచి లేస్తుంది, కాలు అని అర్థం. గ తో వ్రాస్తే సమంగా సాగుతుంది, చిక్కుకొని వుండడం. క తో వ్రాసిన "కా" కాకి. మన వూరి పంజాబీ మిత్రులు ఘోడాను లోగొంతుకతో "కోడా" అనడం విన్నారా? అక్కడా యిదే కథ.

మా అమ్మాయి ఇంగ్లీషు అలవాటుతో కాకిని "ఖాకి" అనేది. నోటిముందు అరచేయి పెట్టించి కోడి, గుడ్డు అక్షరాలు పలికించాము. గుడ్డుకు గాలి తగులుతుంది, కోడికి తగలకూడదు. వారంలో కాకి కాకి అయింది. ఖ తీసేసివుంటే దేనితో పోల్చి చెప్పేవారము?

పాఠాలు నిర్ణయించేవారు యీ అరచేతి పరీక్ష తమ యింట ఒకసారి చేసి చూడాలని మా కోరిక. ఇక ఙ అంటారా, థాయిలో పామును "ఙూ" అంటారు. ఆ మాట మా పిల్లలకు నేర్పనక్కరలేకపోయింది, యిల్లంతా అదే పాట.