బందరుకి సముద్రం లేని రోజులు

కూచిపూడిలో మా పిన్ని వాళ్లింట్లో బోరు వేస్తున్నారు. ముందు బూడిదరంగు బురద, తర్వాత ఇసుక.
పక్కింటి పిల్లాడు అరుగెక్కి కూర్చుని "బాబాయ్, డైనోసార్ ఎముకలొస్తాయా?" అన్నాడు.

రావురా. ఇదంతా కృష్ణమ్మ నిన్నగాక మొన్న తెచ్చిపోసిన ఒండ్రు. కొన్ని వేల ఏళ్లదే.

కానీ కిలోమీటర్ల లోతుకి దిగితే కథ వేరు.
అక్కడో పాత పగులు లోయ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు గుడివాడ గ్రాబెన్! (మన గుడివాడే. బస్టాండులో ఎవరికీ తెలీదు.) ఇండియా, అంటార్కిటికా విడిపోయేటప్పుడు నేల సాగి, చిరిగి, కుంగిన చోటది. దాదాపు 13 కోట్ల ఏళ్ల నాటి మాట. ఓఎన్‌జీసీ వాళ్లు కైకలూరు వైపు గ్యాస్ కోసం తవ్వేది ఇలాంటి పొరల్లోకే.

ఇక పిల్లాడు అడిగిన డైనోసార్ల సంగతికొస్తే, కోటాసారస్ అని ఒకటుంది.
పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. అది బతికింది ఇంకా ముందు, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట.

అంటే అది ఆకులు మేస్తున్నప్పటికి బంగాళాఖాతమే లేదు!
బందరు దగ్గర ఒక్క అల లేదు. ఆ పక్కన అంటార్కిటికా, అదీ మంచు లేకుండా.

సముద్రం కన్నా పాతది ఏముంటుందిలే అనుకుంటాం కదా. దివిసీమ వాళ్లం మరీనూ.
పొద్దుట్నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో.

కోటాసారస్ పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కింద పెట్టండి, చూస్తాను.